మా చెల్లెలి బదులు నేనే మాట్లాడాను

ఆ రోజు నేను మిర్చి కల్లంలో ఉన్నాను. కాయ ఆరబోసి ఉంది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. పట్టాలు కప్పించే హడావిడిలో ఉండగా ఫోను మోగింది. చేసింది మా చెల్లెలు నాగమణి.

"ఏంది మణీ?" అన్నాను.

అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, బావిలోంచి నీళ్ళు తోడి వచ్చిన మనిషి ఊపిరిలాగా. "మాట్లాడవేం? ఇక్కడ వానొచ్చేట్టుంది, పని మీదున్నా" అన్నాను. మళ్ళీ అదే ఊపిరి. విసుగొచ్చి ఫోను పెట్టేశాను. సాయంత్రం దాకా ఆ సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా, అవసరమైతే తనే చేస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు మా బావ బాబూరావు చేశాడు. వాళ్ళది చీమకుర్తి పక్క ఊరు. గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజరు. "మీ చెల్లెలు మాట్లాడటం మానేసింది బావా. పొగరు. వచ్చి తీసుకెళ్ళు. బాగు చేయించి పంపించు" అన్నాడు.

మోటారు కాలిపోతే వైండింగుకు ఇచ్చేటప్పుడు మేం అనే మాట అది. ఒక మనిషి గురించి అట్లా అంటుంటే నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. "సరే బావా, రేపొస్తా" అన్నాను. ఇది రాస్తున్న ఇవాళ మండుతోంది. ఆలస్యంగా వచ్చిన కోపం ఎవరికీ పనికిరాదు. అయినా రాస్తున్నాను. నాలాంటి అన్నలు పత్రికలో ఈ పేజీ చదువుతుంటారని నాకు తెలుసు.

ముందు మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మాది అద్దంకి దగ్గర పల్లె. ఆలుమగల గొడవను పెద్దల్లో పెడితే వరండాలో కుర్చీలు వేస్తారు. ఆడపిల్ల బయటికి రాదు, తలుపు వెనక నిలబడుతుంది. ఆమె తరఫున పుట్టింటి మగవాడు మాట్లాడతాడు. అంతా అయ్యాక పెద్దాయన "మరి అమ్మాయికి సమ్మతమేనా?" అని అడుగుతాడు. తలుపు వైపు చూసి కాదు, అన్న వైపు చూసి. అన్న గొంతు సవరించుకుని "సమ్మతమేనండీ" అంటాడు. అప్పుడు అందరికీ టీలు వస్తాయి. ఆ టీలు పెట్టేది కూడా తలుపు వెనకున్న మనిషే.

మా అమ్మానాన్నలు పోయారు కాబట్టి మణికి పుట్టిల్లంటే నేనే. పైగా ఊళ్ళో నేనూ ఒక పెద్దమనిషిని. వేరే వాళ్ళ కాపురాలు కూడా చాలానే సర్దాను. విడిపోయేవాళ్ళను కలిపానని కాలర్ ఎగరేసి చెప్పుకునేవాణ్ణి. కలిపిన తరవాత ఆ ఇళ్ళలో ఏం జరిగిందో ఒక్కసారైనా వెళ్ళి చూశానా? లేదు.

మణి అంతకుముందే రెండుసార్లు దెబ్బలతో వచ్చింది. ఒకసారి కన్ను వాచి. ఇంకోసారి మణికట్టుకు పిండికట్టుతో. రెండుసార్లూ మా వరండాలో కుర్చీలు వేశాం. రెండుసార్లూ నేనే గొంతు సవరించుకున్నాను. కొత్త చీర, పసుపు కుంకుమ, చలిమిడి ఇచ్చి, కారు మాట్లాడి, దగ్గరుండి దింపి వచ్చాను. పిల్లలు పుట్టకపోవడం కూడా ఆమె తప్పే అని బాబూరావు అంటే, "నిజమే బావా, మా ఖర్మ" అన్నాను. అతనికి ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

సరే. మణిని తీసుకుని ఒంగోలులో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎండలు మండుతున్నాయి. ఆమె కొంగు మెడ చుట్టూ తిప్పి బిగించి కప్పుకుంది. నేను చూశాను. ఎందుకని అడగలేదు.

"ఏమ్మా, మాట ఎప్పట్నుంచి రావట్లేదు?" అన్నాడు డాక్టరు.

"నాలుగు రోజులైందండీ" అన్నాను.

"దెబ్బ ఏమైనా తగిలిందా?"

"బాత్‌రూంలో జారి పడిందంటండీ."

ఆ మాట బావ చెప్పింది. నేను చిలకలాగా ఒప్పజెప్పాను. మణి నా మొహం వైపు చూసి తల దించుకుంది. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ముక్కులోంచి సన్నటి గొట్టం పోనిచ్చి లారింగోస్కోపీ చేశారు. "వోకల్ కార్డ్స్ బాగున్నాయి. కదులుతున్నాయి. దగ్గమ్మా" అన్నాడు. దగ్గింది. దగ్గులో శబ్దం వచ్చింది. "చూశారా, దగ్గులో గొంతుంది, మాటలో లేదు. దీన్ని ఫంక్షనల్ అఫోనియా అంటారు. గొంతులో జబ్బు లేదు."

"అంటే కావాలని చేస్తోందా సార్?"

"కాదు" అన్నాడు. నేనడిగిన దానికి ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. అదొక్కటే నేను వినిపించుకోలేదు.

ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకలు పట్టుకుంటోందని ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును లైటుకు పెట్టి చూసి, "ఈ రిబ్స్ ఎప్పుడు విరిగాయి? ఇవి పాతవి. వాటంతటవే అతుక్కున్నాయి" అన్నాడు. ఆ మాట నన్నే అడిగాడు. అంతసేపూ అన్నిటికీ టకటకా జవాబు చెప్పినవాణ్ణి, దానికి నోరు పెగల్లేదు. డాక్టరు "గుంటూరులో సైకియాట్రిస్టుకు చూపించండి" అని చీటీ రాసిచ్చి, తరవాతి పేషెంటును పిలిచాడు. విరిగిన ఎముకలు కళ్ళెదుట కనపడుతుంటే, నన్ను బయటికి పంపి ఆమెను ఒక్క మాట అడగొచ్చు కదా! ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే ఆయన్ను అడగనివ్వకుండా గది నిండా నేనే ఉన్నానన్న సంగతి కూడా నాకు తెలుసు.

ఊళ్ళోకి వచ్చాక తలా ఒక మాట. మా కోటయ్య బాబాయి, అంటే నాన్న పినతండ్రి కొడుకు, మా పంచాయితీలకు పెద్ద ఆయనే, గాలి సోకిందన్నాడు. తాయెత్తు కట్టించాం. టీకొట్టు దగ్గర ఒకడు, "ఆడదానికి మాట పడిపోతే మొగుడికి పండగేగా శీనయ్యా! మీ బావ అదృష్టవంతుడబ్బా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వ్యాసంలో రాయడానికి నాకు అన్నిటికన్నా కష్టమైన వాక్యం ఇదే.

గుంటూరు తీసుకెళ్దామని పట్టుబట్టింది నా భార్య విజయ. "తాయెత్తులు చాలు. చీటీ రాసిచ్చాడుగా డాక్టరు. నువ్వు తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్ళమంటావా?" అంది. నేనే వెళ్ళాను.

సైకియాట్రిస్టు ఆడమనిషి. నెమ్మదిగా మాట్లాడేది. మణిని చూస్తూ ఏదో అడిగింది, నేను చెప్పాను. ఇంకోటి అడిగింది, అదీ నేనే చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"శ్రీనివాసరావుగారూ, పేషెంటు మీరా, ఆమెనా?"

"ఆమేనండీ. మాట రాదు కదా, అందుకని..."

"మాట రాదని తెలుసు. తల ఊపగలదు. రాయగలదు. గుసగుసగా చెప్పగలదు. మీరు దయచేసి బయట కూర్చోండి."

నాకు రోషం వచ్చింది. అంత దూరం బస్సులో తీసుకొచ్చిన అన్నను బయటికి పొమ్మంటుందా అనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు పిలవలేదు. తలుపు వెనక ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. పిలిచాక, మణిని బయట కూర్చోబెట్టి నాతో ఒక్కడితోనే మాట్లాడింది.

"మీకు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టి చెబుతున్నాను. ఆయన కొట్టేటప్పుడు అరిస్తే పక్కింటివాళ్ళకు వినపడుతుందని గొంతు పట్టుకుంటాడట. చాలాకాలంగా అంతేనట. చివరిసారి ఆమె మీకు ఫోన్ చేసింది. 'అన్నా' అనేలోపే వెనకనుంచి వచ్చి గొంతు నొక్కాడు. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. అప్పట్నుంచి మాట రాలేదు."

నేను జేబులో ఫోను తడుముకున్నాను.

"నెట్‌వర్క్ పోయి కాల్ కట్ అయిందని అనుకుంటోంది" అంది డాక్టరు.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. కట్ చేసింది నేనని డాక్టరుకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "అది ఆమెకు చెప్పాలో లేదో తరవాత ఆలోచిద్దాం. ముందు ఒక విషయం ఖాయం చేయండి. ఆమెను వెనక్కి పంపుతారా?"

"బాగైన తరవాత..."

"బాగైతే వెనక్కి పంపుతారని తెలిసిన గొంతు బాగవుతుందాండీ?"

ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు గుంటూరు దాకా రావాల్సి వచ్చింది. పంపనని అప్పుడు ఆమెతో చెప్పాను. నోటితో చెప్పాను. మనసులో ఇంకా కుర్చీలు వేస్తూనే ఉన్నాను.

నిద్రకూ, ఉలికిపాటుకూ మాత్రలు రాసింది. గొంతుకు మాత్ర లేదంది. వారానికోసారి స్పీచ్ థెరపీ, దాంతోపాటు డ్రామా గ్రూపు అంది. ఇళ్ళలో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళ కోసం ఒక మేడ మీద గదిలో నడుపుతారట.

"నాటకాలాండీ? మా ఆడపిల్ల నాటకాల్లోకా?" అన్నాను. పరిషత్తు పోటీ నాటకాలకు ముందు వరసలో కూర్చుని ఈలలు వేసినవాణ్ణి నేను. వేషం కట్టిన ఆడమనిషి స్టేజీ దిగాక ఆమె గురించి ఏం మాట్లాడుకునేవాళ్ళమో కూడా నాకు గుర్తుంది.

"స్టేజీ లేదు, టికెట్టు లేదు. గది ఉంది, తలుపు ఉంది. అంతే" అంది డాక్టరు.

ఆ గ్రూపు నడిపేది మస్తాన్‌బీ గారు. ఒకప్పుడు పరిషత్తుల్లో నాయిక వేషాలు, వయసు పైబడ్డాక తల్లి వేషాలు వేసినామె. గొంతు కంచులాగా ఉంటుంది. మొదటి రోజే మెట్ల దగ్గర నన్ను ఆపింది. "చెప్పులూ మగవాళ్ళూ ఇక్కడే బాబూ. పైకి రానియ్యం." ఆ తరవాత ప్రతి వారం నేను ఆ మెట్ల మీద చెప్పుల పక్కనే కూర్చున్నాను.

మొదట్లో మాటలే లేవట. ఊపిరి పీల్చి వదలడం, పెదాలు మూసి 'మ్' అనడం, భజన చెక్కలు వాయిస్తూ అడుగులు వేయడం. ఎవరికి తెలిసిన పని వాళ్ళు ఉత్త చేతులతో చేసి చూపించడం. మణి కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నట్టు చేసిందట. మధ్యలో ఘాటుకు ముక్కు రుద్దుకోవడం, కొంగుతో మూతి కట్టుకోవడం ఎంత బాగా చేసిందంటే, పక్కనున్నామెకు నిజంగానే తుమ్మొచ్చిందట. దానికి అందరూ పడిపడి నవ్వారు. మెట్లు దిగుతూ మస్తాన్‌బీ గారు నాతో అంది: "ఇయ్యాల మీ చెల్లెలు నవ్వింది బాబూ. నవ్వు వినపడింది."

పెళ్ళికి ముందు మణి ఎట్లా నవ్వేదో నాకు గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు.

ఎండలు పోయి, పత్తి గింజలు పెట్టే రోజులొచ్చాయి. ఒక రోజు మెట్ల మీద కూర్చుని ఉండగా పైనుంచి ఒక దగ్గు వినపడింది. గొంతు సవరించుకునే దగ్గు. ఆ తరవాత మాట.

"చూడమ్మాయ్. కాపురమన్నాక చిన్నాచితకా ఉంటాయి. మేమంతా సర్దుకుపోలేదూ? బావ మంచోడే. కోపమొక్కటే. నువ్వు ఎదురు చెప్పకు, ఆయన కొట్టడు. ఏం, సమ్మతమేగా? సమ్మతమేనండీ బాబాయ్! టీలు తేండమ్మా!"

గది దద్దరిల్లేటట్టు నవ్వులు, చప్పట్లు. ఆ మాటలు నావి. ఆ దగ్గు నాది, పెద్దల మధ్య మాట్లాడబోయే ముందు నేను దగ్గేది అదే. గొంతు మాత్రం మణిది. కాస్త బొంగురుగా, కాస్త వణుకుతూ, పూర్తి గొంతు.

తరవాత మస్తాన్‌బీ గారు చెప్పారు. ఆ రోజు అందరినీ ఒక పంచాయితీ ఆడమన్నారట. "నీ వేషం నువ్వు వేసుకోవద్దు తల్లీ, అది బరువు. నీకు బాగా తెలిసిన ఇంకో మనిషి వేషం వెయ్యి" అన్నారట. మణి తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని, నాలాగా దగ్గిందట. దగ్గులో ఎప్పుడూ శబ్దం ఉండేదే కదా. ఆ శబ్దం వెంబడే మాట జారి వచ్చేసింది. తన గొంతు కాదని అనుకుంది కాబట్టి భయం దాన్ని పట్టుకోలేకపోయింది.

మరి ఆ అన్న ఏం చేశాడు? సంతోషించాడా? లేదు. బస్సులో కూర్చున్న దగ్గర్నుంచి నాకు మంట. ఆ ఆడవాళ్ళందరి ముందూ నన్ను నవ్వులపాలు చేసిందని మంట. చిలకలూరిపేట దాటాక ఆపుకోలేకపోయాను.

"నీ కోసం పొలం పనులు మానుకుని తిరుగుతుంటే, నన్నే ఎగతాళి చేస్తావా అక్కడ? నేను నీ మంచికేగా చెప్పింది?"

ఆమె పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. గుసగుస కూడా రాలేదు. కొంగు తీసి మెడ చుట్టూ కప్పుకుంది.

బాబూరావు చేత్తో చేసిన పని, నేను నోటితో చేశాను. అరవకుండా, తాకకుండా, నలుగురి మధ్య బస్సులో కూర్చుని చేశాను. కొట్టేవాడొక్కడే దుర్మార్గుడని, మిగిలిన మేమంతా మంచివాళ్ళమని అనుకోవడం ఎంత పెద్ద అబద్ధమో నాకు అక్కడ తెలిసింది. ఆ తరవాత చాలా వారాలు మణి నోట 'మ్' అనే శబ్దం కూడా రాలేదు.

డాక్టరుకు జరిగింది చెప్పాను. "రిలాప్స్ అవుతుంటుంది, తగ్గింది తిరగబెడుతుంది" అంది. కారణం నేనే అయినప్పుడు కూడా దాన్ని రిలాప్స్ అనే అంటారు కాబోలు. మస్తాన్‌బీ గారు అంత మర్యాదగా అనలేదు. "మాకు మూడు నెలలు పట్టింది బాబూ ఆ గొంతు తేవడానికి. నువ్వు ఒక్క బస్సు టికెట్టుతో తీసేసుకున్నావు" అంది.

"ఇప్పుడేం చేయమంటారు?" అన్నాను.

"మణి ఒప్పుకుంటే, మిగిలినోళ్ళూ ఒప్పుకుంటే, ఒక్క రోజు పైకి రా."

ఒప్పుకోవడానికి ఇంకో రెండు వారాలు తీసుకున్నారు. తీసుకోవాలి కూడా. నేను ఆ గదిలోకి వెళ్ళిన రోజు నాకు ఇచ్చిన వేషం ఆడపిల్ల. మాటలు లేవు. వరండా పక్క తలుపు వెనక నిలబడాలి. బయట కుర్చీల్లో ఆ ఆడవాళ్ళే పెద్దమనుషులు. మీసాలు మసితో దిద్దుకున్నారు. నా కాపురం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

"అమ్మాయి వంట ఎట్టా చేస్తదంట?"

"ఉప్పెక్కువంట."

"అదీ సంగతి! ఉప్పెక్కువైతే చెయ్యి లేవదూ మరి?"

నవ్వొచ్చింది మొదట. వేషమే కదా అనుకున్నాను. కాసేపటికి నవ్వు పోయింది. నేను ఎక్కడ పడుకోవాలో, ఎవరికి భయపడాలో, ఎంత దెబ్బకు ఏడవొచ్చో ఎంత దెబ్బకు ఏడవకూడదో వాళ్ళు తీర్మానం చేస్తున్నారు. నా పేరు ఎవరూ ఎత్తడం లేదు. 'అమ్మాయి' అంటున్నారు. ఒకటి తప్పు చెప్పారు, అది తప్పని అరవబోయాను. మస్తాన్‌బీ గారు వేలు అడ్డం పెట్టింది. "నీకు మాటల్లేవు బాబూ." తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఒకామె, మా కోటయ్య బాబాయిలాగానే, "సమ్మతమేనా?" అని నా వైపు కాకుండా పక్కకు చూసి అడిగింది. పక్కనున్న కుర్చీలోంచి "సమ్మతమేనండీ" అన్నారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అది అవమానం వల్ల వచ్చిన ఏడుపు. పశ్చాత్తాపం అని నేను గొప్ప చెప్పుకోను. అది తరవాత వచ్చింది, నెమ్మదిగా, నిద్ర పట్టకుండా.

ఆ రోజు తిరుగు బస్సులో, ఫోను కట్ చేసింది నేనేనని మణికి చెప్పాను. డాక్టరును అడిగి, ఆమె సరే అన్నాకే చెప్పాను. మణి కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ ఉంది. తరవాత నా చెవి దగ్గరికి వంగింది.

"తెలుసన్నా" అంది గుసగుసగా. "డాక్టరుగారికి అట్టా చెప్పింది నీ పరువు కోసం."

అప్పటికి ఆమె ఒంటి మీద మచ్చలు పోలేదు. ఆ స్థితిలో కూడా ఆమె నా పరువు కాస్తూనే ఉంది.

పత్తి మొదటి తీత అయిన రోజుల్లో కోటయ్య బాబాయి బాబూరావు తరఫు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను పిలవలేదు. కుర్చీలు వాళ్ళే వేసుకున్నారు. మణి అలవాటు కొద్దీ తలుపు వెనక్కి వెళ్ళింది. నా భార్య విజయ నా మొహం వైపు చూస్తూ నిలబడింది. నేను ఎటు తిరుగుతానో ఆమెకు నమ్మకం లేదు. నాకూ పూర్తిగా లేదు.

"ఏరా శీనయ్యా, అల్లుడు తప్పు ఒప్పుకున్నాడు. ఇక చెయ్యెత్తడంట. చాల్లే, పంపిద్దాం" అన్నాడు బాబాయి.

"నన్నెందుకు అడుగుతావు బాబాయ్? కాపురం నాది కాదుగా. మణిని అడుగు."

"దాన్నేందిరా అడిగేది? నోరే లేకపాయె!"

"నోరుంది. వినే ఓపిక మీకుంటే."

అంత పెద్ద మాట అన్నానే గానీ, నాకూ భయమే. గొంతు పెగలకపోతే వాళ్ళంతా నా వైపే తిరుగుతారు. నేను గొంతు సవరించుకోకుండా గట్టిగా పళ్ళు బిగించి కూర్చున్నాను.

మణి తలుపు వెనకనుంచి ఏదో అంది. "వినపళ్ళా" అన్నాడు బాబాయి. ఆమె వరండాలోకి వచ్చింది. మా పద్ధతిలో లేని పని అది. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. కూర్చుంది. పూర్తి గొంతు రాలేదు. కథల్లోలాగా జరగలేదు. గుసగుసగానే మాట్లాడింది. వినాలంటే అంత మంది మగవాళ్ళూ నోళ్ళు మూసుకుని ముందుకు వంగాల్సి వచ్చింది. పక్కింట్లో తిరుగుతున్న మిక్సీని విజయ వెళ్ళి ఆపించి వచ్చింది.

"నేను పోను బాబాయ్. మళ్ళీ ఎవరూ అడగడానికి రావద్దు. కేసు పెడుతున్నా. ఎక్స్‌రేలు ఉన్నాయి."

"పరువు పోద్దమ్మాయ్!"

"ఎవరిదీ?" అంది.

బాబాయి నా వైపు చూశాడు, నేను ఏదైనా సర్దుతానేమోనని. నేను సర్దలేదు. వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళారు. ఎవరూ పెట్టలేదు కాబట్టి.

ఇప్పటి సంగతి. కేసు నడుస్తోంది, మెల్లగా. బాబూరావు అక్కడే అదే ఉద్యోగంలో ఉన్నాడు, తెల్ల చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. అతన్ని ఎవరూ ఏ తలుపు వెనకా నిలబెట్టలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. మణి గుంటూరులో ఒక గది తీసుకుంది. పగలు కోల్డ్ స్టోరేజీలో మిర్చి గ్రేడింగు దగ్గర మేస్త్రీ పని చేస్తోంది. వారానికోసారి మస్తాన్‌బీ గారి గదికి వెళ్తుంది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు చెక్కలు ఎట్లా పట్టుకోవాలో తనే చూపిస్తుందట. గొంతు వచ్చింది, కాస్త బొంగురు మిగిలింది. వెనకనుంచి ఎవరైనా గబుక్కున వస్తే ఆ పూటకు పోతుంది, మళ్ళీ వస్తుంది. మాత్రలు తగ్గించారు, పూర్తిగా ఆపలేదు. నాటకం ఆడిస్తే అంతా నయమైపోతుందని నేను చెప్పను. మందులతో పాటు, డాక్టరుతో పాటు, వెనక్కి పంపేది లేదన్న భరోసాతో పాటు అది పనిచేసింది. ఆ భరోసా లేకుండా ఏదీ పనిచేయలేదు.

నేను పంచాయితీలకు పోవడం మానేశాను. గతంలో నేను సర్ది పంపిన ఆడవాళ్ళ ఇళ్ళకు విజయను తోడు తీసుకుని వెళ్తున్నాను. విజయ లోపలికి వెళ్ళి మాట్లాడుతుంది. ఒకామె తలుపు తీయలేదు. ఒకామె నన్ను గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. ఆమె న్యాయంగానే కడిగింది.

చదువుతున్న అన్నలకు, తండ్రులకు, భర్తలకు ఒక్కటే చెప్పదలుచుకున్నాను. మీ ఇంటి ఆడమనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పేరు రాయించండి, ఫైలు ఆమె చేతికివ్వండి. డాక్టరు మొదటి ప్రశ్న అడగకముందే మీరు గదిలోంచి బయటికి రండి. ఆమె మిమ్మల్ని లోపల ఉండమంటే ఉండండి, కానీ ఆమెను అడిగిన దానికి మీరు జవాబు చెప్పకండి. ఎంతసేపైనా పట్టనివ్వండి. బయట బెంచీ ఉంటుంది. లేకపోతే నిలబడండి.